బ్లాక్‌చెయిన్‌లో ఎక్కిస్తే అబద్ధం నిజమైపోతుందా?

"మా డేటా బ్లాక్‌చెయిన్‌లో ఉంది, ఇక మోసానికి తావే లేదు." ఈ మాట వినీ వినీ విసుగెత్తిపోయింది. ఒకసారి రాసింది ఆ తర్వాత ఎవరూ దొంగచాటుగా మార్చలేరు, అంతవరకే దాని హామీ. రాసింది నిజమో కాదో దానికి తెలిసే దారి లేదు.

బ్లాక్‌చెయిన్ అంటే చాలామంది కంప్యూటర్లలో కాపీలుగా ఉండే రికార్డు, అందులో ప్రతి బ్లాకూ ముందుదానికి గొలుసులా ముడిపడి ఉంటుంది. ఇక నేరుగా ఒక టీకాల పెట్టె దగ్గరికి వెళ్దాం. అది 2 నుంచి 8 డిగ్రీల మధ్యే ఉండాలి. తయారీ సంస్థ, రవాణా సంస్థ, గోదాము, ఆసుపత్రి, బీమా కంపెనీ, ఇలా అయిదు పక్షాలకు దానితో పని. లోపలి సెన్సర్ ప్రతి 10 నిమిషాలకు ఒక రీడింగ్ పంపుతుంది.

[తెరపై: పెట్టె, మూలన సెన్సర్]

సెన్సర్‌ని ఐస్ ప్యాక్‌కి ఆనించి పెట్టారనుకోండి. అది 3 డిగ్రీలు చూపిస్తుంటే అవతలి మూలన ఉన్న సీసాలు 11 దగ్గర ఉండొచ్చు. లేదా సెన్సర్‌ని తీసి ఫ్రిజ్‌లో పెట్టి, పెట్టెని ఎండలో వదిలేశారనుకోండి. బ్లాక్‌చెయిన్ ఆ తప్పుడు అంకెల్నే భద్రంగా దాస్తుంది. బయటి ప్రపంచం నుంచి వచ్చే సమాచారం నిజమో కాదో చెయిన్‌కి తెలియకపోవడం, దీన్నే ఒరాకిల్ సమస్య అంటారు. సెన్సర్ చిప్‌లోనే రీడింగ్‌కి డిజిటల్ సంతకం (ఎవరు పంపారో, మారిందో లేదో తేల్చే గుర్తు) పడితే దారిలో ఎవరైనా అంకె మార్చినా దొరికిపోతుంది. సెన్సర్‌నే మోసం చేస్తే మాత్రం ఆ సంతకమూ ఆపలేదు.

మరి ఉపయోగమేంటి? సరుకు పాడైనప్పుడు రవాణా సంస్థ తన సర్వర్లోని రికార్డు చూపిస్తే బీమా కంపెనీ నమ్మదు, బీమా కంపెనీ చూపిస్తే ఆసుపత్రి నమ్మదు. ఏ ఒక్కరి చేతిలోనూ లేని రికార్డు కావాలి. అసలు విలువ అక్కడే ఉంది. అయిదు పనులూ ఒకే సంస్థ చేస్తుంటే మామూలు డేటాబేస్ చాలు, చవక కూడా.

అయితే అందరూ చేరాలి. ఓడల రవాణా సంస్థ మెర్స్క్, ఐబీఎం కలిసి నడిపిన ట్రేడ్‌లెన్స్ అనే సరుకు రవాణా బ్లాక్‌చెయిన్ వేదికని మూసేస్తున్నట్టు 2022 నవంబరులో ప్రకటించారు. పరిశ్రమ మొత్తం కలిసి రాలేదన్నదే వాళ్లు చెప్పిన కారణం. నా దృష్టిలో ఈ రంగంలో అందరూ చదవాల్సిన పాఠం అదే.

ఇక స్మార్ట్ కాంట్రాక్ట్, అంటే షరతు నెరవేరగానే తనంతట తానే నడిచే, బ్లాక్‌చెయిన్ మీది కోడ్. "8 డిగ్రీలు దాటితే చెల్లింపు ఆపు" అని రాస్తే, తలుపు రెండు నిమిషాలు తెరిచినప్పుడు ఒక్క రీడింగ్ దాటినా డబ్బు ఆగిపోతుంది. మొత్తం ఎన్ని నిమిషాలు దాటిందో కూడి లెక్క కట్టాలి. బ్యాటరీ అయిపోయి రీడింగే రాకపోతే ఏం చేయాలో కూడా ముందే రాయాలి. కాంట్రాక్ట్ కోడ్‌లో ఏముంటే అదే చేస్తుంది. 2016లో ఈథీరియం బ్లాక్‌చెయిన్ మీద నడిచిన 'ది డావో' అనే ఉమ్మడి పెట్టుబడి నిధి కోడ్, ఖాతాలో నిల్వ తగ్గించకముందే డబ్బు పంపేది. ఆ వరుస తప్పు వల్లే దాదాపు 36 లక్షల ఈథర్ (ఈథీరియం సొంత నాణెం) బయటికి పోయింది.

టైమ్ తక్కువుంది, మిగతాది గబగబా చెప్పేస్తా.

రీడింగులన్నీ చెయిన్ మీద పెట్టకండి. ఒక పెట్టెకి రోజుకి 144 రీడింగులు. 10,000 పెట్టెలకి 14,40,000, అంటే సెకనుకి దాదాపు 17. బిట్‌కాయిన్ మోసేది సెకనుకి సుమారు 7 లావాదేవీలే. అందుకే అన్నిటి హాష్‌లనీ (హాష్ అంటే డేటాకి వేలిముద్ర లాంటి చిన్న సంఖ్య) జంటలుగా కలుపుకుంటూ పైకి మెర్కిల్ ట్రీగా కట్టి, చివర మిగిలే 32 బైట్ల రూట్ ఒక్కటే ఎక్కించండి. ఆ తర్వాత ఏ రీడింగ్ నిరూపించాలన్నా మెట్టుకి ఒకటి చొప్పున 21 హాష్‌లు చాలు, 672 బైట్లు.

[తెరపై: మెర్కిల్ ట్రీ, కింది నుంచి పైకి]

అసలు రీడింగులు వేరే చోట, కనీసం రెండు కాపీలు ఉంచండి. అవి పోతే రూట్ దేనికీ పనికిరాదు. ఉష్ణోగ్రతలాంటి చిన్న అంకెని దాని హాష్ చూసి ఊహించి పట్టేయొచ్చు కాబట్టి, హాష్ కట్టేముందు ప్రతిదానికీ 16 బైట్ల యాదృచ్ఛిక సంఖ్య (సాల్ట్) కలపండి. వ్యక్తుల వివరాలు చెయిన్ మీద పెట్టనే వద్దు, తర్వాత తీసేయలేరు.

చివరిగా, రూట్ ఎక్కించే ఖాతాకి ఒకే కీ (సంతకం పెట్టే రహస్య సంఖ్య) ఉంచకండి. అది పోతే తిరిగి తెచ్చుకునే మార్గం లేదు, దొంగ చేతిలో పడితే మీ పేరు మీదే తప్పుడు రూట్‌లు ఎక్కుతాయి. అయిదు పక్షాల్లో ముగ్గురు సంతకం చేస్తేనే చెల్లేలా మల్టీసిగ్ (ఒకరికన్నా ఎక్కువ మంది సంతకాలు అడిగే ఏర్పాటు) పెట్టండి.