దిమ్మె మీద కుంచె: చైనా అచ్చు బొమ్మల్లో పూలూ ఆకులూ

నమస్కారమండి. ఇవాళ ముందు ఒక్క ఆకు చూద్దాం.

పండ్ల కొమ్మ మీద ఉన్న ఈ ఆకే. కాడ దగ్గర ముదురు పచ్చ. చివరికి వచ్చేసరికి ఎండిపోతున్న గోధుమ రంగు. మధ్యలో పురుగు తిన్న చిల్లు. ఆ పచ్చ ఎక్కడ ఆగిందో, గోధుమ రంగు ఎక్కడ మొదలైందో గీత గీసి చెప్పలేం. ఎవరో కుంచెతో వేసిన బొమ్మ అనిపిస్తుంది కదా? కాదండి, ఇది చెక్క దిమ్మెలతో కొట్టిన అచ్చు.

ఇలాంటి బొమ్మలున్న పుస్తకం ఒకటి 1633లో చైనాలోని నాన్‌జింగ్‌లో పూర్తయింది. తయారుచేయించినాయన హు ఝెంగ్‌యాన్. ఇంటి ముందు పది వెదురు మొక్కలు పెంచుకున్నాడట, అందుకే తన చోటుకి 'పది వెదుళ్ల గది' అని పేరు పెట్టుకున్నాడు. పుస్తకానికీ అదే పేరు. వెదురు, రేగుపూలు, ఆర్కిడ్లు, పండ్లు, పక్షులు, రాళ్లు, గుండ్రటి విసనకర్రలు... ఇలా ఎనిమిది భాగాలు. రేగుపూలంటే మన రేగిచెట్టు పూలు కావు. చలి పోకముందే, ఆకు రాకముందే బోడి కొమ్మ మీద పూసే ప్లమ్ పూలు. చైనావాళ్లకి అవంటే ప్రాణం.

సరే, ఆ ఆకు సంగతికొద్దాం. రంగుకో దిమ్మె, ఒక్కోసారి ఆకుకో దిమ్మె చెక్కుతారు. చిన్న చిన్న ముక్కలన్నీ కలిస్తేనే ఒక బొమ్మ. దిమ్మెని మైనం లాంటి జిగురుతో బల్లకి అతికిస్తారు. కాగితాల కట్టని ఒక అంచున బిగిస్తారు, ప్రతి కాగితమూ సరిగ్గా అదే చోట పడాలి కాబట్టి. పెడనలో కలంకారీ అచ్చు చూసినవాళ్లకి తెలుసు, అక్కడ దిమ్మెని గుడ్డ మీద అద్దుతారు. ఇక్కడ తిరగబడింది. రంగు పూసిన దిమ్మె కింద, కొంచెం తడి కాగితం పైన. వీపు వైపు నుంచి పీచు మెత్తతో రుద్దుతారు. యంత్రమేమీ లేదు.

నన్ను కట్టిపడేసేది ఆ రంగు పూయడమేనండి. అచ్చు వేసే మనిషి దిమ్మె మీద ముందు పచ్చ పూస్తాడు, తడి ఆరకముందే అంచున గోధుమ రంగు తాకిస్తాడు, నీళ్ల కుంచెతో రెండిటినీ కలుపుతాడు. ఒక కాగితం తీశాక మళ్లీ మొదటినుంచి. వంద ప్రతులు కావాలంటే ఆ ఆకుని వందసార్లు దిమ్మె మీద చిత్రించాల్సిందే! అందుకే ఏ రెండు ప్రతులూ అచ్చం ఒకేలా ఉండవు. అచ్చు వేసే మనిషిని పనివాడు అనేసి, చిత్రకారుడన్న మాట ఇంకొకరికి దాచిపెట్టడం నాకు అన్యాయంగా తోస్తుంది.

ఆ తర్వాత 1644, 45 ప్రాంతంలో హు ఝెంగ్‌యానే ఉత్తరాలు రాసుకునే బొమ్మల కాగితాల నమూనాలు అచ్చువేయించాడు. వాటిలో కొన్నిచోట్ల రంగే లేదు. రంగు పూయని దిమ్మె మీద కాగితాన్ని నొక్కితే గీతలు ఉబ్బెత్తుగా లేస్తాయి. వెలుతురు పక్కనుంచి పడితేనే కనబడతాయి.

మొదటి పుస్తకం పాత ప్రతి ఒకటి కేంబ్రిడ్జ్ విశ్వవిద్యాలయ గ్రంథాలయంలో ఉంది. 2015లో దాన్ని ఆన్‌లైన్‌లో పెట్టారు, ఎవరైనా ఉచితంగా చూడొచ్చు. తెరిచాక బొమ్మ మొత్తం కనిపించేలా ఉంచకండి, బాగా జూమ్ చేయండి. ఆకు కాడని కలిసే చోట రెండు దిమ్మెల మధ్య వెంట్రుకంత తెల్లటి సందు దొరుకుతుందేమో వెతకండి. దొరికితే ఏ పేజీలో దొరికిందో కింద కామెంట్‌లో రాయండి, నేనూ వెళ్లి చూస్తాను.