మారు అన్నం దగ్గర ఆగుదాం

(శ్రీకాకుళంలో కార్తీకమాసంలో జరిగిన ఆరోగ్య అవగాహన సభలో ఒక వైద్యురాలి ప్రసంగ పాఠం)

సభలో ఉన్న పెద్దలకు, అమ్మలకు, అన్నదమ్ములకు నమస్కారం.

నవంబరు 14 ప్రపంచ మధుమేహ దినం. ఇన్సులిన్‌ను కనుగొన్న వారిలో ఒకరైన ఫ్రెడరిక్ బాంటింగ్ 1891లో ఆ రోజున పుట్టారు. మనకు ఇంచుమించు అప్పుడే కార్తీకమాసం నడుస్తుంది. సోమవారం ఉపవాసం, ఆదివారం వనభోజనం. సుగర్ ఉన్నవాళ్ళు తిండి గురించి మాట్లాడుకోవడానికి ఇంతకన్నా తగిన నెల లేదు.

దేశంలో పది కోట్ల మందికి పైగా మధుమేహం ఉందని, మరో 13 కోట్ల మందికి పైగా దాని అంచున ఉన్నారని భారత వైద్య పరిశోధన మండలి అధ్యయనం 2023లో తేల్చింది. ఇంత పెద్ద సంఖ్యను పక్కన పెట్టి ఒక ఇంట్లోకి వెళ్దాం. ఇంటి పెద్దకు సుగర్ ఉందని రిపోర్టు వచ్చింది. ఆ రాత్రి నుంచే ఆయన పళ్ళెం వేరైపోతుంది. అందరికీ అన్నం, ఆయనకు రెండు ఎండు చపాతీలు. అందరికీ ముక్కల పులుసు, ఆయనకు ఉప్పూ కారం లేని ఏదో ఉడకబెట్టిన కూర. ఎవరో చెప్పారని ఓట్స్ ప్యాకెట్ కొంటారు. పుట్టి బుద్ధెరిగిన దగ్గర్నుంచి అన్నం తిన్న మనిషికి ఆ ముద్ద దిగుతుందా? నెల తిరక్కుండా విసిగిపోయి, "ఎన్నాళ్ళు బతుకుతానని ఈ నోరు కట్టుకోవడం" అంటారు. మళ్ళీ పాత పళ్ళెం, పాత కొండంత అన్నం. మా ఓపీలో ఒక పెద్దావిడ అడిగింది: "డాక్టరమ్మా, అన్నం ఒగ్గీమన్నారు, ఒగ్గీసినాను. మరేటి తినీది?" ఆవిడకు అన్నం మానమని చెప్పినవాళ్ళు ఏం తినాలో చెప్పలేదు. ఈ రోజు నేను ఆ ప్రశ్నకే జవాబు చెప్పాలనుకుంటున్నాను.

నా జవాబు ఇది. మన ఇంట్లో వండే వంట దాదాపు అలాగే ఉండనివ్వండి. వడ్డించే పద్ధతి మార్చండి.

ఎందుకో చెప్తాను. రెండో రకం మధుమేహంలో ఒంట్లో ఇన్సులిన్ ఉంటుంది, కానీ అది చేయాల్సిన పని పూర్తిగా చేయలేదు. కొన్నేళ్ళకు దాని తయారీ కూడా తగ్గుతుంది. అన్నం, రొట్టె, ఉప్మా, అటుకులు, ఏది తిన్నా అందులోని పిండిపదార్థం గ్లూకోజుగా మారి రక్తంలోకి వస్తుంది. ఒకేసారి ఎక్కువ వస్తే ఇన్సులిన్ దాన్ని సర్దలేదు. కాబట్టి మనం చూసుకోవాల్సినవి రెండు: ఎంత వస్తోంది, ఎంత వేగంగా వస్తోంది.

ఇప్పుడు మన మధ్యాహ్న భోజనం ఎలా సాగుతుందో కళ్ళముందు పెట్టుకోండి. మొదట పళ్ళెం నడుమ అన్నం. దాని మీద పప్పు, నెయ్యి. పక్కన కూర, చారెడు. పప్పన్నం అయ్యాక కూరతో కలుపుకోవడానికి ఇంకాస్త అన్నం. తర్వాత పులుసుకో చారుకో మారు అన్నం. చివర మజ్జిగన్నం లేకపోతే భోజనం అయినట్టే ఉండదు, అందుకని ఇంకో గరిటె. ప్రతి దఫా కొంచెమే కదా అనిపిస్తుంది. అన్నీ ఒకచోట పోసి తూస్తే అర కిలో అన్నం తేలిగ్గా అవుతుంది. వంద గ్రాముల అన్నంలో సుమారు 28 గ్రాముల పిండిపదార్థం. అంటే ఆ పూట 140 గ్రాములు. అదే పళ్ళెంలో కూర వంద గ్రాములు కూడా ఉండదు. కూరను మనం అన్నంలో నంజుకునేదిగా చూస్తున్నాం. కష్టం అక్కడుంది.

హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ 2024లో ఇచ్చిన మార్గదర్శకాలు కూడా ఇదే దారి చూపిస్తున్నాయి. రోజు మొత్తం మీద మనకొచ్చే శక్తిలో బియ్యం, గోధుమ, చిరుధాన్యాల వాటా 45 శాతం దాటకూడదని అవి చెబుతున్నాయి. అది సుగర్ లేనివాళ్ళకు కూడా.

వడ్డన ఇలా మార్చి చూడండి. పళ్ళెంలో ముందు కూర పడాలి, పిసరంత కాదు, సగం పళ్ళెం. బీరకాయ, ఆనపకాయ, వంకాయ, చిక్కుడు, గోంగూర, తోటకూర, ఏదైనా సరే. పావు పళ్ళెం ముద్దపప్పో, గుడ్డో, చేపో. మిగిలిన పావులో అన్నం. ఆ అన్నాన్నే మూడు భాగాలు చేసుకుని పప్పుకు, పులుసుకు, మజ్జిగకు పంచుకోండి. గిన్నె మళ్ళీ పళ్ళెం దగ్గరకు రాకూడదు. తినే వరస కూడా మార్చండి. కూర, పప్పు ఉత్తివి ముందు తిని, అన్నం తర్వాత కలుపుకుంటే అదే అన్నానికి సుగర్ తక్కువ ఎక్కుతుంది. పీచు, మాంసకృత్తులు ముందు పడితే కడుపు నెమ్మదిగా ఖాళీ అవుతుంది, గ్లూకోజు మెల్లగా రక్తంలోకి చేరుతుంది. ఉత్తి కూర తినాలంటే ఉప్పు, కారం, నూనె కాస్త తగ్గించి వండాలి, లేకపోతే తినలేం. వంటలో నేను అడిగే పెద్ద మార్పు అదొక్కటే.

మన జిల్లాల వంటలో సుగర్ ఉన్నవాళ్ళకు పనికొచ్చేవి చాలా ఉన్నాయి. పనసపొట్టు ఆవ పెట్టిన కూర ఉంది. పండిన పనస తొనలు వేరు, లేత పనస వేరు. లేతదాంట్లో తీపి తక్కువ, పీచు ఎక్కువ. అన్నం తగ్గించి గిన్నెడు పనసపొట్టు కూర తింటే కడుపు నిండుతుంది. పెసరట్టు పొట్టు పెసలతో వేసుకుంటే ఇడ్లీ, ఉప్మాల కన్నా చాలా మేలు, లోపల ఉప్మా పెట్టకుండా. దిబ్బరొట్టెలో మినప్పప్పు పాలు పెంచి, నూక తగ్గించండి.

ఉలవల గురించి మాత్రం నేను కాస్త ఆగి చెప్పాలి. పల్లెల్లో పెద్దవాళ్ళకు గుర్తుండే ఉంటుంది. పొద్దున్నే పెద్ద కుండలో ఉలవలు ఉడికేవి. గింజలు ఎడ్లకు పెట్టేవారు, ఆ కట్టు వార్చి మనం చారు కాచుకునేవాళ్ళం. వంద గ్రాముల ఉలవల్లో 20 గ్రాములకు పైగా మాంసకృత్తులు, బోలెడు పీచు ఉన్నాయి. అందులో ఎక్కువ భాగం గింజలోనే ఉండిపోతుంది. చారులోకి దిగేది కొంచెమే. ఎడ్లకు పోయింది మనకు కావాల్సిన భాగం. రాత్రి నానబెట్టండి, మర్నాడు కుక్కర్లో మెత్తగా ఉడికించండి, ఆవాలు, ఎండుమిర్చి, వెల్లుల్లి తాలింపు వేయండి. సాయంత్రం నాలుగింటికి బజ్జీల బండి దగ్గరకు వెళ్ళే కాళ్ళను ఒక గుప్పెడు ఉలవ గుగ్గిళ్ళు ఆపుతాయి. ఖరీదు లేదు, కొత్తా లేదు.

ఇక చోళ్ళు, అంటే రాగులు. "చోడి అంబలి తాగుతున్నాను, సుగరెందుకు తగ్గలేదు?" అని అడగని రోజు లేదు. చోళ్ళు మంచి ధాన్యమే. క్యాల్షియం బియ్యంలో కన్నా ఎన్నో రెట్లు, పీచూ ఎక్కువ. కానీ పిండిపదార్థం లెక్కకొస్తే బియ్యానికి అవేమీ బాగా తీసిపోవు. మెత్తగా విసిరిన పిండిని నీళ్ళలో బాగా ఉడికించి జావలా తాగితే నమలాల్సింది, అరగదీసుకోవాల్సింది ఏమీ మిగలదు, తొందరగా రక్తంలోకి వెళ్తుంది. అందులో బెల్లం కలిపితే చెప్పక్కర్లేదు. చోడి రొట్టె చేసుకుని గోంగూర పప్పుతో తినండి, అన్నానికి బదులుగా తినండి. అన్నం తిని, పైన అంబలి తాగడం రెండు భోజనాలు చేయడమే. కొర్రలు, సామలు, గంటెలకు (సజ్జలకు) కూడా ఇదే వర్తిస్తుంది.

బెల్లం మాట వచ్చింది కాబట్టి ఇంకొకటి. మన వైపు పులుసులో బెల్లం ముక్క పడకపోతే పులుసే కాదు. సుగర్ వచ్చిందని ఆ పులుసును శత్రువులా చూడక్కర్లేదు. ఇంటిల్లిపాదికీ కాచిన పులుసులో నిమ్మకాయంత బెల్లం వేస్తే ఒక్కొక్కరి వాటాకు వచ్చేది చెంచాడు. దాన్ని కాస్త తగ్గిస్తే చాలు. అసలు సుగర్ పెంచేది ఆ పులుసు రుచికి కలుపుకున్న రెండో విడత అన్నం. చేపల పులుసు రోజున ఇది మరీ ఎక్కువ. చేపలో పిండిపదార్థం లేనే లేదు. కళింగపట్నం నుంచో భావనపాడు నుంచో వచ్చిన కవ్వళ్ళ పులుసు సుగర్ ఉన్నవాళ్ళు హాయిగా తినొచ్చు. ముక్కలు ఎక్కువ వేసుకోండి, అన్నం పెంచకండి. కానీ టీలో వేసుకునే బెల్లం, "బెల్లం కాబట్టి పర్వాలేదు" అనుకుంటూ తినే అరిసెలు మాత్రం పంచదారతో సమానం. రోజుకు నాలుగు టీలు, ఒక్కోదాంట్లో రెండు చెంచాలు అయితే 40 గ్రాములు. అది ముందు మానేయాల్సింది.

రథసప్తమికి అరసవల్లిలో పిడకల మీద పొంగించి చిక్కుడాకుల్లో పెట్టే పరమాన్నం ప్రసాదం ఉంది. రెండు చెంచాలు కళ్ళకద్దుకుని తినండి. ఆ పూట అన్నం ఆ మేరకు తగ్గించండి.

ఇప్పుడు నన్ను అన్నిటికన్నా ఎక్కువ బాధపెట్టే విషయం చెప్తాను. సుగర్ ఉన్న మనిషి వండే మనిషే అయినప్పుడు ఏమవుతోంది? ఆమె అందరికన్నా చివర్న తింటుంది. అప్పటికి కూర గిన్నె ఖాళీ. పప్పు అడుగున రెండు చెంచాలు. అన్నం మాత్రం మిగులుతుంది, ఎప్పుడూ అన్నమే మిగులుతుంది. పారేస్తే పాపం కదా అని ఆ అన్నమంతా చారుతోనో ఊరగాయతోనో తినేస్తుంది. రాత్రిది మిగిలితే పొద్దున చద్దన్నం. చల్లారిన అన్నంలో కొంత పిండి నెమ్మదిగా అరిగే రకంగా మారుతుంది నిజమే, కానీ ఆ లాభం కొంచెమే. పెద్ద గిన్నెడు చద్దన్నానికి అది సరిపోదు. ఈ ఆవిడకు నేను ఎన్ని డైట్ చార్టులు రాసిచ్చినా ఏం లాభం? ఆ చార్టు అమలు కావాలంటే ఆమె భర్త, పిల్లలు, కోడలు మారాలి. వడ్డించే ముందే ఆమె వాటా కూర, పప్పు వేరే గిన్నెలో తీసి మూత పెట్టండి. లేదా, మరీ మంచిది, అందరూ ఒకేసారి కూర్చోండి. బియ్యం కొలత తగ్గించి కూరగాయల కొలత పెంచండి. ఇది మొగవాళ్ళు విని ఇంటికి తీసుకెళ్ళాల్సిన మాట. ఈ హాల్లో వెనక వరసల్లో ఉన్నవాళ్ళకు కూడా వినబడిందనుకుంటాను.

కార్తీక సోమవారాల సంగతి. సుగర్ మాత్రల్లో మెట్‌ఫార్మిన్ ఒక్కటే వాడేవాళ్ళకు సుగర్ మరీ పడిపోవడం అరుదు. గ్లిమెపిరైడ్, గ్లిక్లజైడ్ లాంటి మాత్రలు, ఇన్సులిన్ వాడేవాళ్ళ సంగతి వేరు. మందు వేసుకుని నక్షత్రాలు కనబడేదాకా పస్తుంటే సుగర్ 70 కన్నా దిగిపోవచ్చు. చెమటలు, వణుకు, గుండె దడ, కళ్ళు తిరగడం, ఉన్నట్టుండి చిరాకు, ఇవి దాని గుర్తులు. అప్పుడు ఉపవాసం చెడుతుందని ఆలోచించకండి. మూడు చెంచాల పంచదార నీళ్ళలో కలుపుకుని తాగండి, పావుగంట తర్వాత మళ్ళీ పరీక్షించండి, సుగర్ 70 దాటాక ఏదైనా తినండి. స్పృహ లేని మనిషి నోట్లో మాత్రం ఏమీ పోయకండి, వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్ళండి. ఉపవాసం ఉండాలనుకుంటే ముందే మీ డాక్టరుతో మాట్లాడి ఆ రోజు మందు మోతాదు సర్దుకోండి. అలాగే పగలంతా పస్తుండి రాత్రి పులిహోర, బూరెలు, గారెలతో విడిస్తే సుగర్ ఆ రాత్రి ఎక్కడికో వెళ్తుంది. కాకరకాయ రసం, మెంతులు వాడుకుంటే వాడుకోండి, కానీ వాటిని నమ్ముకుని మాత్రలు ఆపకండి.

కవిటి, సోంపేట, కంచిలి, ఇచ్ఛాపురం, వజ్రపుకొత్తూరు, మందస, పలాస వైపు నుంచి వచ్చినవాళ్ళకు విడిగా చెప్పాలి. మీ ఊళ్ళున్న ఉద్దానం ప్రాంతంలో కిడ్నీ జబ్బు ఎంతమంది ఇళ్ళలో ఉందో మీకు నేను చెప్పక్కర్లేదు. దాని కారణం ఇంకా పూర్తిగా తేలలేదు, సుగర్ లేనివాళ్ళకూ అది వస్తోంది. సుగర్ కూడా కిడ్నీలను దెబ్బతీస్తుంది. రెండూ కలిసినచోట నేను ఇంతసేపు చెప్పిన తిండి లెక్క మారిపోతుంది. పప్పు, ఉలవలు, చేప ఎంత తినాలో మీ క్రియాటినిన్ (కిడ్నీల పనితీరు చెప్పే రక్తపరీక్ష) చూసి నిర్ణయించాలి. తోటలో చెట్టు నుంచి దింపుకునే కొబ్బరినీళ్ళలో పొటాషియం ఎక్కువ. కిడ్నీ బాగా దెబ్బతిన్నవాళ్ళకు అది ప్రమాదం. సుగర్ ఉన్న ప్రతి ఒక్కరూ ఏడాదికొకసారి క్రియాటినిన్, మూత్రంలో అల్బుమిన్ అనే మాంసకృత్తి పోతోందేమో చూసే పరీక్ష చేయించుకోండి. ఉద్దానం వాళ్ళు తప్పనిసరిగా.

నేను చెప్పానని నమ్మేయకండి, మీ ఇంట్లోనే చూసుకోండి. గ్లూకోమీటరు ఉన్నవాళ్ళు ఒకరోజు ఎప్పటిలా తిని, మొదటి ముద్ద తిన్న రెండు గంటలకు పరీక్షించండి. ఇంకో రోజు అదే కూర, అదే పప్పు, వడ్డన మాత్రం మార్చి, తిన్నాక వీధి చివరదాకా పావుగంట నడిచి, మళ్ళీ రెండు గంటలకు చూడండి. రెండు అంకెలూ కాగితం మీద రాసి ఈసారి వచ్చినప్పుడు తీసుకురండి. చాలామందికి తిన్న రెండు గంటలకు 180 లోపు, మూడు నెలల సగటు చెప్పే హెచ్‌బీఏ1సీ 7 లోపు ఉండాలని చూస్తాం. వయసు పైబడినవాళ్ళకు, ఇతర జబ్బులున్నవాళ్ళకు ఆ గీత కాస్త పైన పెడతాం.

ఇక నేను ఆపుతాను, మీరు అడగండి. ముందు వండేవాళ్ళు అడగండి, తర్వాత తినేవాళ్ళు.