లేని అమ్మకి వెళ్ళిన టెలిగ్రాం

అందరికీ నమస్కారం. ఆదివారం పొద్దున్నే, ఇంత ఉక్కలో, ద్వారకానగర్ దాకా ఇంతమంది వచ్చారు, చాలా సంతోషంగా ఉంది. నన్ను మాట్లాడమన్న విషయం రేపటి అగ్రరాజ్యాల గూఢచర్యం మీద థ్రిల్లర్ రాయడం గురించి. మూడేళ్ళ నుంచి అలాంటి నవల ఒకటి రాస్తున్నాను, కథ 2071లో మన విశాఖలోనే జరుగుతుంది, ఇప్పటికి రెండు డ్రాఫ్టులు పక్కన పడేశాను. రాసే పిల్లలు చాలామంది కనిపిస్తున్నారు కాబట్టి అవి ఎందుకు పనికిరాలేదో, మూడోది ఎక్కడ దారికొచ్చిందో చెప్తాను.

మొదటి డ్రాఫ్టులో అన్నీ ఉన్నాయి. రాత్రంతా మెరిసే నియాన్ బోర్డులు, ఆగని వాన, మెదడులో చిప్ పెట్టించుకున్న సైనికులు, డ్రోన్ల గుంపులు, మూడు పేజీలకో పేలుడు. చదివిన స్నేహితురాలు "పరుగు బాగుంది గానీ ఇది మన ఊరేనా?" అని అడిగింది. ఏం చెప్పాలో తెలియలేదు. డాల్ఫిన్స్ నోస్ అన్న మాట కొట్టేసి ఇంకే దేశంలో కొండ పేరు రాసినా ఒక్క వాక్యం మార్చక్కర్లేదు. తూర్పు నౌకాదళ కేంద్రం ఇక్కడే, జలాంతర్గాముల స్థావరం ఇక్కడే, అణు జలాంతర్గామి అరిహంత్‌ని 2009 జూలైలో మొదటిసారి నీళ్ళలోకి దించింది ఇక్కడే. ఇవన్నీ కళ్ళముందు పెట్టుకుని నేను ఎక్కడివో లైట్లు అరువు తెచ్చుకున్నాను. రెండో డ్రాఫ్టులో ఆ తప్పు దిద్దబోయి టెక్నాలజీ పాఠం రాశాను, దాని గురించి చెప్పడానికి ఏమీ లేదు.

అప్పుడు 1971కి వెళ్ళాను. గాజీ కథ మనందరికీ తెలుసు, ఆర్.కె. బీచ్‌లో విక్టరీ ఎట్ సీ స్తూపం దగ్గర మురీ మిక్స్చర్ తింటూ పెరిగినవాళ్ళమే కదా. నవంబరు 14న కరాచీలో బయల్దేరిన పాకిస్తాన్ జలాంతర్గామి, మన విమానవాహక నౌక విక్రాంత్‌ని ముంచడానికని వచ్చి, డిసెంబరు 3 అర్ధరాత్రి దాటాక మన రేవు బయట తనే మునిగిపోయింది. మన నౌక రాజ్‌పుత్ వేసిన డెప్త్ ఛార్జీల వల్లే, అంటే నీటి అడుగున పేలే బాంబుల వల్లే మునిగిందని మనవాళ్ళు చెప్పారు, ప్రమాదవశాత్తూ మైన్ పేలిందని వాళ్ళు చెప్పారు. ఆ వాదన ఎప్పటికీ తెగదేమో. నాకు మాత్రం ఆ పేలుడుకి ముందు రోజుల మీదే మనసు పోయింది.

ఎందుకంటే విక్రాంత్ అప్పటికే అండమాన్ వైపు వెళ్ళిపోయింది. ఇక్కడే ఉందని శత్రువు నమ్మాలి. తూర్పు నౌకాదళానికి అధిపతిగా ఉన్న వైస్ అడ్మిరల్ ఎన్. కృష్ణన్ ఏం చేశారో తర్వాత ఆయనే రాశారు. రాజ్‌పుత్ అనే పాత డిస్ట్రాయర్‌ని సముద్రంలోకి పంపి, పెద్ద నౌక ఉన్నచోట వైర్‌లెస్ రద్దీ ఎక్కువ ఉంటుంది కాబట్టి, విక్రాంత్ మాట్లాడుతున్నట్టే మాట్లాడమన్నారు. మాంసం, తాజా కూరగాయలు భారీగా కావాలని కాంట్రాక్టర్లకి ఆర్డరు పెట్టించారు, ఆ మాట నోటినోటా పాకి చేరాల్సిన చెవిన పడుతుందని. ఇవి రెండూ తెలివైనవే. నేను చదవడం ఆపేసి కూర్చుండిపోయింది మాత్రం మూడోదాని దగ్గర. విక్రాంత్‌లో పనిచేసే ఒక నావికుడు, సీరియస్‌గా ఉన్న తన తల్లికి ఎలా ఉందని అడుగుతున్నట్టు, ఒక ప్రైవేటు టెలిగ్రాం పంపించారు. కోడ్ లేకుండా, ఎవరు విన్నా అర్థమయ్యేలా.

ఆ అమ్మ లేదు, ఆ జబ్బు లేదు, అడిగిన కొడుకూ లేడు. కానీ వినేవాడికి ఎంత నమ్మకంగా ఉంటుందో చూడండి! తల్లి చావుబతుకుల్లో ఉందంటే ఏ కొడుకైనా రూలు తప్పుతాడు, ఏ ఆఫీసరైనా చూసీ చూడనట్టు ఊరుకుంటాడు. అవతలివాడికీ ఒక అమ్మ ఉంటుంది కదా, ఆ బలహీనత వాడికీ తెలుసు, అందుకే నమ్ముతాడు. విమానవాహక నౌక రేవులోనే ఉందని కరాచీ నుంచి వచ్చిన సందేశం, మునిగిన గాజీలో దొరికిందని కృష్ణన్ రాశారు. ఒక మహాయుద్ధనౌకని దాచడానికి పనికొచ్చింది ఒక ముసలమ్మ ఆరోగ్యం. ఇది చదివిన రోజే నా పాత నవల చచ్చిపోయింది.

ఆ తర్వాత ఏ గూఢచర్యం కథ చూసినా నాకు ఇదే కనిపిస్తోంది, పెద్ద రహస్యం చిన్న చేతి మీదుగానే దాటుతుంది. 2012 జూలైలో పత్రికల్లో వచ్చింది గుర్తుందా? మన నౌకాదళ కంప్యూటర్లలోకి ఒక బగ్ దూరింది. అవి ఇంటర్నెట్‌కి తగిలించని కంప్యూటర్లు, బయటినుంచి ఎవరూ రాలేరు. కానీ పెన్‌డ్రైవ్ వస్తుంది. ఆ బగ్ పెన్‌డ్రైవ్‌లో కనపడని ఫోల్డర్ ఒకటి తెరిచి, తనకి చెప్పిన మాటలు ఏ ఫైల్లో ఉంటే ఆ ఫైల్ని అందులో దాచుకునేది. దాన్ని తీసుకెళ్ళి ఎప్పుడో ఒకప్పుడు ఇంటర్నెట్ ఉన్న ఇంకో కంప్యూటర్‌కి పెడతారు, అప్పుడు మూట విప్పి చైనాలోని ఐపీ అడ్రస్‌లకి పంపేదని ఆ వార్త.

మీరు థ్రిల్లర్ రాస్తుంటే ఇక్కడ ఒక్క నిమిషం ఆగండి. తుపాకీ లేదు, వెంటాడే కారు లేదు. ఒక మనిషి పెన్‌డ్రైవ్ తీసి చొక్కా జేబులో వేసుకున్నాడు, అంతే. స్కూటర్ ఎక్కాడు, టీ తాగాడు, కూతురి స్కూలు ప్రాజెక్టు ప్రింటు తీయాలని నెట్ సెంటరు ముందు బండి ఆపాడు. జేబులో ఏముందో పాఠకుడికి తెలుసు, వాడికి తెలియదు. ఆ టీ గ్లాసు ఖాళీ అయ్యే వరకు పాఠకుడు ఊపిరి బిగబట్టుకుని కూర్చుంటాడు, అది మీరు వాక్యాలు ఎంత తొందరగా పరిగెత్తించినా వచ్చే టెన్షన్ కాదు. నేను మూడేళ్ళలో నేర్చుకున్నది ఇదొక్కటే.

2019 డిసెంబరులో ఆపరేషన్ డాల్ఫిన్స్ నోస్ అన్నారు, నౌకాదళ సిబ్బంది ఏడుగురిని అరెస్టు చేశారు. ఫేస్‌బుక్‌లో అమ్మాయిల పేరుతో పరిచయం పెంచుకుని సమాచారం లాగారన్నది కేసు. ఆ నెలలోనే నౌకల్లో, స్థావరాల్లో స్మార్ట్‌ఫోన్లు నిషేధించారు. అక్కడా అంతే, ఒంటరిగా ఉన్న కుర్రాడు, అర్ధరాత్రి ఒక పలకరింపు.

సముద్రం అడుగున కూడా ఇదే. 1970లలో అమెరికా జలాంతర్గామి ఒకటి ఒఖోత్స్క్ సముద్రంలోకి వెళ్ళి, సోవియట్ నౌకాదళం ఫోన్ కేబుల్‌ని కొయ్యకుండానే దానికి రికార్డర్ తగిలించింది. డైవర్లు మళ్ళీ మళ్ళీ దిగి టేపులు మార్చుకొచ్చేవాళ్ళు. ఏళ్ళ తరబడి ఎవరికీ తెలియలేదు. చివరికి అప్పుల్లో కూరుకుపోయిన అమెరికా గూఢచార సంస్థ మాజీ ఉద్యోగి ఒకడు, రొనాల్డ్ పెల్టన్, సోవియట్లకి చెప్పేశాడు. అతనికి ముట్టింది 35 వేల డాలర్లు. అంత ఇంజనీరింగు, అన్ని ప్రాణాల రిస్కు, ఒక మనిషి అప్పుల దగ్గర కూలిపోయింది. 2025 అక్టోబరులో గూగుల్ ఐదేళ్ళలో 1500 కోట్ల డాలర్లతో ఇక్కడ ఏఐ కేంద్రం పెడతానంది, దాంతోపాటు సముద్రపు కేబుళ్ళు కూడా మన తీరానికి వస్తాయని ప్రకటించింది. ఆ వార్త వచ్చిన సాయంత్రం రుషికొండలో నిలబడి చాలాసేపు నీళ్ళకేసి చూశాను. మన పిల్లలకి ఉద్యోగాలు రావాలని నాకూ ఉంది. కానీ కేబుల్ ఉన్నచోట వినేవాడు కూడా వస్తాడు.

ఇప్పుడు నా కథ. 2071లో వినేవాడు మనిషి కాదు. రెండు కూటముల దగ్గరా యంత్రాలున్నాయి, అవి అన్నీ లెక్కపెడతాయి. రాజ్‌పుత్ లాగా దొంగ సిగ్నళ్ళు పంపితే అరసెకనులో పట్టేస్తాయి. 2017 జూన్‌లోనే నల్లసముద్రంలో ఇరవైకి పైగా ఓడలకి, ఉన్నచోటు కాకుండా ఒడ్డున ఎయిర్‌పోర్టులో ఉన్నట్టు జీపీఎస్ చూపించింది, అంటే ఆ మోసం ఇప్పటికే పాతబడింది. యంత్రం నమ్మాలంటే నౌక ఒక్కటీ ఉంటే చాలదు, దాని చుట్టూ ఊరు ఉండాలి. మూడు వేలమంది నావికుల ఇళ్ళల్లో గ్యాస్ బుకింగ్‌లు, స్కూలు ఆటో డబ్బులు, సుగర్ మాత్రలు, శుక్రవారం పువ్వులు, మొగుడూ పెళ్ళాల అలకలు. ఇవన్నీ అల్లేది నా కథానాయిక. పూర్ణా మార్కెట్‌లో తరతరాలుగా నౌకలకి కూరగాయలు సప్లై చేసే కుటుంబంలో పిల్ల. ఏ వారం వంకాయలు ఎక్కువ వెళ్తాయో, ఏ వారం వెళ్ళవో చూసి ఏ నౌక రేవులో ఉందో చిన్నప్పుడే చెప్పేది, అందుకే నౌకాదళం తీసుకుంది.

ఒక రాత్రి ఆమె లేని కొడుకు పేరుతో లేని అమ్మకి "ఎలా ఉన్నావమ్మా?" అని పంపుతుంది. అలాంటివి రోజూ వందలు పంపుతుంది. ఆ రాత్రి జవాబొచ్చింది. "నాను బాగానే ఉన్నాను నానా, నువ్వు బువ్వ తిన్నావా?"

ఆ నంబరు అవతల ఎవరూ లేరు. ఆ నంబరే లేదు. అంటే వాళ్ళకి మొత్తం తెలిసిపోయింది. తెలిసినవాళ్ళు దాడి చెయ్యాలి గానీ మన యాసలో, అమ్మ గొంతుతో ఎందుకు పలకరిస్తారు? వెక్కిరింతా, హెచ్చరికా, లేక అవతల కూడా ఇదే పని చేసే మనిషెవరైనా ఉండి చెయ్యి చాస్తున్నారా? నౌకాదళం బయల్దేరడానికి నలభై నిమిషాలుంది. పైవాళ్ళకి చెప్తే పథకం ఆగిపోతుంది, చెప్పకపోతే మూడు వేలమంది వలలోకి వెళ్తున్నారేమో. మొత్తం నవల ఆ నలభై నిమిషాలే. ఇప్పుడు వేగం కోసం నేనేమీ చెయ్యక్కర్లేదు, ఆమె టైపు చేసి చెరిపేసే ప్రతి అక్షరమూ పరిగెత్తుతుంది.

ఆమె పనిచేసే గది ఎలా ఉండాలో తెలియక కుర్సురా జలాంతర్గామి మ్యూజియంకి నాలుగుసార్లు వెళ్ళాను. టార్పెడోల పక్కనే బెర్తులు ఉంటాయి, చూసే ఉంటారు. మామూలు మనిషి కాళ్ళు పూర్తిగా చాపుకుని పడుకోలేడేమో అనిపిస్తుంది. నాలుగోసారి నేను చూసింది టార్పెడోని కాదు, బెర్తు పక్కన ఇనుము మీద పెయింటు అరిగి నున్నగా అయిన ఒక చోటు. ఎక్కి దిగేటప్పుడు పట్టుకునే చోటు అనుకుంటాను. అక్కడ చెయ్యి పెట్టి కాసేపు నిలబడి ఇంటికొచ్చి ఆ అధ్యాయం ఒక్క బిగిన రాశాను.

ఇక నాకు మీతో ఒక పనుంది. 1971 డిసెంబరు 3 రాత్రి ఈ ఊళ్ళో ఉన్న పెద్దవాళ్ళు ఈ గదిలో ఉంటే, లేదా మీ ఇళ్ళల్లో ఉంటే, నాకు చెప్పండి. వెలుగు బయటికి కనపడకుండా కిటికీలకి ఏ కాగితం అంటించారు, లాంతరు మీద ఏం కప్పారు, శబ్దం వచ్చాక ముందు ఎవరు లేచారు. ఆ రోజుల్లో నౌకలకి కూరగాయలు, మాంసం వేసిన కుటుంబాలవాళ్ళు ఎవరైనా ఉంటే మరీ ముఖ్యం, ఆ పెద్ద ఆర్డరు వచ్చినప్పుడు ఇంట్లో ఏమనుకున్నారో అడగాలి. నోట్‌బుక్ తెచ్చాను, మధ్యాహ్నం దాకా ఈ కుర్చీలోనే ఉంటాను.