ముందు కాటా చీటీ అడగండి: క్లయింట్ నుంచి రిక్వైర్‌మెంట్స్ రాబట్టడం

నమస్కారం. విశాఖ సిరిపురంలో ఏసీ గదిలో కూర్చుని క్లయింట్‌ని "మీకేం కావాలి సార్?" అని అడిగితే వచ్చే జవాబు తెలిసిందే: "ఏముందండీ, మామూలు బిల్లింగే." ఆ మామూలులో ఏముందో, అంటే సాఫ్ట్‌వేర్ ఏమేం చెయ్యాలో (అవే రిక్వైర్‌మెంట్స్), తవ్వడమే సాఫ్ట్‌వేర్ చేసే మన పని.

విశాఖలో రొయ్యలు కొని ఎగుమతి చేసే ఒక కంపెనీకి కొనుగోలు సాఫ్ట్‌వేర్ కావాలనుకుందాం. మొదటి మీటింగ్‌కి స్క్రీన్ డిజైన్లు పట్టుకెళ్లకండి. చూపించారంటే గంటసేపు రంగుల మీదే చర్చ. దాని బదులు పాత కాగితాలు అడగండి: కాటా చీటీలు, కొనుగోలు చిట్టా, రైతులకిచ్చిన వోచర్లు. ఓ ఇరవై చాలు. శుభ్రంగా ఉన్నవి కాదు, కొట్టివేతలున్నవి ఏరుకోండి.

చీటీలో 412 కిలోలు రాసి, కొట్టేసి, పక్కన 400 వేశారు. ఎందుకు? నీటి తరుగు, అంటే తడి సరుకులో నీటి బరువు కింద తీసేసేది. ఎంత తియ్యాలో ఎవరు చెప్తారు? ఓనరు గారిని అడిగితే "మావాళ్లు చూసుకుంటారు" అంటారు. ఆ "మావాళ్లు" కాటా దగ్గరుంటారు. చెరువుల్లో పట్టిన సరుకు దిగే వేళకి, అర్ధరాత్రయినా సరే, అక్కడికెళ్లి నిలబడాలి.

ఇప్పుడు అసలు చిక్కు. కొనుగోలు వాళ్లు "40 కౌంట్" అంటే తలతో ఉన్న రొయ్యలు కిలోకి 40 అని. ప్యాకింగ్‌లో అమెరికా ఆర్డర్ మీద "31/40" అని ఉంటే తల తీసినవి పౌండుకి 31 నుంచి 40. పౌండంటే దాదాపు 453.6 గ్రాములు, అంటే కిలోకి సుమారు 68 నుంచి 88. రెండు చోట్లా మాట ఒకటే, కౌంట్. ఇద్దరితో మాట్లాడకుండా డేటాబేస్‌లో ఒకే కాలమ్ పెట్టేశారా, స్టాక్ రిపోర్టు ఎప్పటికీ కలవదు. అందుకే మొదటి రోజు నుంచే పదాల పట్టిక రాయండి: పదం, ఎవరు వాడతారు, ఏ కొలత, ఒక ఉదాహరణ.

తర్వాత రేటు. "రూల్ ఏంటండీ?" అని అడగొద్దు, లెక్క కట్టించండి. 40 కౌంట్ రేటు కిలోకి 400 రూపాయలు, 50 కౌంట్ రేటు 350 అనుకుందాం. సరుకు 43 కౌంట్ వచ్చింది. కౌంట్‌కి 5 చొప్పున తగ్గించి 385 అంటారు ఒకరు. 50 కౌంట్ కిందే జమ, 350 అంటారు ఇంకొకరు. 400 కిలోల మీద తేడా 14,000 రూపాయలు. ఇద్దరి లెక్కలూ ఒకే కాగితం మీద ఓనరు ముందు పెడితే నిర్ణయం అక్కడికక్కడే వస్తుంది. ఆ లెక్కనే తేదీ వేసి సంతకం చేయించుకోండి. రేపు టెస్టింగ్‌లో అదే మీ టెస్ట్ కేసు: సాఫ్ట్‌వేర్ జవాబు దానితో కలవాలి.

"చిన్న మార్పే కదా" అంటూ వాట్సాప్‌లో వాయిస్ మెసేజ్‌లు వస్తాయి, తప్పదు. వాటినీ నంబరేసి రాసుకుని, తెలుగులోనే తిరిగి పంపి, "అవును" అనిపించుకున్నాకే కోడ్ ముట్టుకోండి.

ఒక్క మాట. క్లయింట్ ఫిషింగ్ హార్బర్ సరుకు కూడా కొంటే తేదీలు చూసుకోండి. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు, 61 రోజులు సముద్రంలో మర, మోటారు బోట్ల వేట నిషేధం. ఆ రోజుల్లో వెళ్తే ఆ బోట్లు ఒడ్డునే ఉంటాయి, మీరు చూడ్డానికి హార్బర్ కాటా మీద సరుకుండదు.