హెచ్-ఇండెక్స్ ఎంత సర్?

(శ్రీకాకుళం స్టూడియోలో జరిగిన చర్చ. పాల్గొన్నవారు: రిటైరైన ఆర్గానిక్ కెమిస్ట్రీ ప్రొఫెసర్, పైడిభీమవరంలో పనిచేసే ప్రాసెస్ కెమిస్ట్, పీహెచ్‌డీ విద్యార్థిని.)

యాంకర్: మాస్టారూ, ఈమధ్య ఏ ప్రొఫెసర్ గురించి చెప్పినా 'హెచ్-ఇండెక్స్ ఎంత' అని అడుగుతున్నారు. ఇంతకీ అదేంటి?

ప్రొఫెసర్: హిర్ష్ అనే ఫిజిక్స్ ప్రొఫెసర్ 2005లో చెప్పిన లెక్క. ఒకాయన ఐదు పేపర్లు రాశాడనుకోండి. వాటికి వచ్చిన సైటేషన్లు, అంటే వేరేవాళ్లు తమ పేపర్లలో వాటిని ప్రస్తావించిన లెక్క, 40, 12, 6, 4, 1. కనీసం నాలుగేసి ఉన్నవి నాలుగు పేపర్లు. అంటే ఆయన హెచ్-ఇండెక్స్ 4. మొదటి పేపరుకి 40 కాదు, 4,000 వచ్చినా అది 4 దగ్గరే ఉంటుంది.

యాంకర్: అంత గొప్ప పేపరుకి విలువ లేనట్టేనా?

ప్రొఫెసర్: ఈ అంకెలో కనబడదు. యల్లాప్రగడ సుబ్బారావుగారినే తీసుకోండి. 1925లో హార్వర్డ్‌లో ఫిస్క్‌తో కలిసి ఫాస్ఫరస్ కొలిచే పద్ధతి ప్రచురించారు. మాలిబ్డేట్ అనే రసాయనం కలిపి క్షయకరణం (రిడక్షన్) చేస్తే నీలం రంగు వస్తుంది. నీలం ఎంత చిక్కగా ఉంటే ఫాస్ఫరస్ అంత ఎక్కువ. ఎక్కడి ల్యాబ్‌లో చేసినా పనిచేసింది కాబట్టి దశాబ్దాలపాటు వేల పేపర్లలో ఆ ప్రస్తావన వచ్చింది. పనిచేసే పద్ధతి ఇస్తే జనం వాడతారండీ, నేను నమ్మేది అదే.

ప్రాసెస్ కెమిస్ట్: వాడేవాళ్లందరూ లెక్కలోకి రారు సర్. సుజుకీ అనే కెమిస్టు కనిపెట్టిన, రెండు అణువుల ముక్కల్ని అతికించే రియాక్షన్ ఉంది, సుజుకీ కప్లింగ్ అంటారు. మాకది మామూలు పని. లోసార్టాన్ అనే బీపీ మాత్ర తయారీకీ ఆ రియాక్షన్ వాడారు, సుజుకీకి 2010లో నోబెల్ వచ్చింది. కానీ ప్లాంటులో మేం రాసేది పేపరు కాదు, బ్యాచ్ రికార్డు. మా నుంచి ఆయనకి ఒక్క సైటేషన్ కూడా వెళ్లదు. ఇంకోటి, పేపర్లో 'కాలమ్ వేసి (పొడి నింపిన గొట్టం గుండా పంపి) శుద్ధి చేశాం' అని ఒక్క ముక్కలో రాసేస్తారు. వందల కిలోల బ్యాచ్‌కి కాలమ్ ఎలా వేస్తాం? స్ఫటికాలుగా దించే దారి మేమే వెతుక్కోవాలి.

విద్యార్థిని: మేడమ్ చెప్పింది నాకూ ఎదురైంది. నేను పలాస జీడి తొక్క నుంచి అనకార్డిక్ ఆమ్లం తీస్తున్నాను. ఆ నూనె చేతికి తగిలితే పొక్కిపోతుంది, రెండు జతల గ్లవ్స్ వేసుకోవాలి. ఒక పేపరు చూసి అచ్చం అలాగే చేశాను. ఏ పదార్థం వచ్చిందో మచ్చ ఎత్తుని బట్టి చూపే టీఎల్‌సీ ప్లేటుని యూవీ దీపం కింద పెడితే, మచ్చ ఎప్పుడూ ఆమ్లం ఉండాల్సిన చోటుకన్నా పైకే వస్తోంది. మూడు నెలలు పోయాయి. చివరికి తెలిసిందేంటంటే నేను తెచ్చినవి వేయించిన గింజల తొక్కలు. వేడికి కార్బన్ డయాక్సైడ్ పోయి ఆమ్లమంతా కార్డనాల్ అనే వేరే పదార్థంగా మారిపోయింది. పచ్చి తొక్క తీసుకోవాలని ఆ పేపర్లో లేదు. దానికి సైటేషన్లు మాత్రం బోలెడు. నేనూ ఒకటి ఇచ్చాను.

యాంకర్: మరి మీ పేపరు?

విద్యార్థిని: ఒక జర్నల్‌కి పంపాం. అచ్చుకి ముందు దాన్ని పరిశీలించే రివ్యూయర్, ఆరు పేపర్లకి సైటేషన్లు చేర్చమన్నారు. ఒక్కదానికీ జీడితో సంబంధం లేదు, అన్నింట్లోనూ ఒకే రచయిత పేరు. టెన్షన్‌తో రెండు రాత్రులు నిద్ర పట్టలేదు సర్.

ప్రొఫెసర్: చేర్చకమ్మా. ఎందుకు చేర్చడం లేదో ఎడిటర్‌కి మర్యాదగా, పేపరు పేపరుకీ ఒక్కో వాక్యంలో రాసి పంపు. అది సైటేషన్ కాదు, వసూలు. 'ఆర్గానిక్ సింథసీస్' అని ఒక ప్రచురణ 1921 నుంచీ వస్తోంది. అందులో పద్ధతి అచ్చవ్వాలంటే ఎడిటోరియల్ బోర్డు సభ్యుల్లో ఒకరి ల్యాబ్‌లో దాన్ని మళ్లీ చేసి చూస్తారు. దిగుబడి రాకపోతే వేయరు. పనికి కొలత అంటే నా దృష్టిలో అది.

యాంకర్: ప్రమోషన్లకి అంకెలే అడుగుతారు కదా సర్?

ప్రొఫెసర్: అడుగుతారు. అంకె చూడండి, తప్పులేదు. దాంతోపాటు ఆ మనిషి రాసినవాటిలో రెండు పేపర్లు కూర్చుని చదవండి. ఇంటర్వ్యూ బోర్డులో ఒక గంట పడుతుంది, అంతే.

ప్రాసెస్ కెమిస్ట్: అమ్మాయీ, నీ పద్ధతి నాకు పంపు. వచ్చే వారం మా ల్యాబ్‌లో చేసి చూస్తాను.

విద్యార్థిని: పచ్చి తొక్క నేనే తెచ్చిస్తాను మేడమ్. మచ్చ సరిగ్గా రాకపోతే అదీ చెప్పండి, పేపర్లో రాస్తాను.