మోకాలి ఆపరేషన్ డేట్ వచ్చేలోపు నొప్పి మాత్రల లెక్క ఒక్క పేజీలో రాసుకోవడం ఎలా?

నమస్కారమండీ. మా అమ్మకి రెండు మోకాళ్లూ అరిగిపోయాయి. మార్పిడి ఆపరేషన్ తప్పదన్నారు. కానీ షుగర్ ఎక్కువగా ఉంది, హెచ్‌బీఏ1సీ, అంటే మూడు నెలల సగటు షుగర్ చెప్పే రక్తపరీక్ష, కిందికి దిగితేనే డేట్ ఇస్తామన్నారు. అలా ఇది ఐదో నెల. డేట్ ఆగింది గానీ నొప్పి ఆగదు కదండీ. రాత్రిపూట పక్క మీద ఇటు నుంచి అటు తిరగాలన్నా అమ్మ మంచం పట్టె పట్టుకుని తిరుగుతుంది. దాంతో ఒక డాక్టర్ దగ్గర ఒక మందుల చీటీ, ఇంకో డాక్టర్ దగ్గర ఇంకో చీటీ, అలా పోగయ్యాయి. ఆ చీటీలూ ఆ మాత్రలూ అన్నీ ఒక్క పేజీలోకి ఎలా తేవాలో ఇవాళ చూపిస్తాను. నేను డాక్టర్ని కాదు. ఏ మాత్ర వేసుకోవాలో, ఏది మానాలో చెప్పను. వేసుకుంటున్నవి ఏంటో మనకి తెలియాలి, డాక్టర్ అడిగితే తడుముకోకుండా చెప్పగలగాలి. దానికోసమే ఈ వీడియో.

సరే, మొదలుపెడదాం. ముందు ఇంట్లో ఉన్న మాత్రలన్నీ ఇలా టేబుల్ మీద పోసేయండి. ఫ్రిజ్ మీదవి, దిండు కిందవి, హ్యాండ్‌బ్యాగ్‌లోవి, అన్నీ. బీపీ, షుగర్ మాత్రలు కూడా. పూసుకునే జెల్ కూడా. ఆయుర్వేదం పొడులుంటే అవి కూడా. ఇదిగో, మా ఇంట్లో ఇన్ని వచ్చాయి.

తర్వాత చీటీలు. ఒక్కోటీ ఫోటో తీయండి, వాట్సాప్‌లో మీకు మీరే పంపుకోండి. ఇది అందరికీ తెలిసిందే, ముందుకెళ్దాం. చీటీ మీద 1-0-1 అంటే పొద్దున ఒకటి, మధ్యాహ్నం లేదు, రాత్రి ఒకటి. ఎస్‌ఓఎస్ అని ఉంటే నొప్పి ఉన్నప్పుడు మాత్రమే. ఇది గుర్తుపెట్టుకోండి, దీనికి మళ్లీ వస్తాను.

ఇప్పుడు అసలు స్టెప్. ఇక్కడ కాస్త ఆగుదాం, ఎందుకంటే మేం దెబ్బతిన్నది ఇక్కడే.

ఈ రెండు అట్టలు చూడండి. ఒకటి ఆకుపచ్చ, ఒకటి ఎరుపు. పేర్లు వేరు, కంపెనీలు వేరు. చూస్తే రెండు వేర్వేరు మందులనే అనుకుంటాం. ఇప్పుడు వెనక్కి తిప్పండి. పెద్ద అక్షరాలు వదిలేయండి, అది కంపెనీ పెట్టుకున్న పేరు. దాని కింద సన్నగా, వెండి రేకు మీద మెరుస్తూ ఉంటుంది చూడండి, అదీ మనకి కావలసింది. కనపడటం లేదు కదా? నాకూ కనపడలేదు. ఫోన్ కెమెరా తెరిచి, జూమ్ పెంచి, అట్టని కొంచెం పక్కకి వంచండి. టార్చ్ వేయకండి, రేకు మెరిసిపోయి ఏమీ కనిపించదు. కిటికీ దగ్గర వెలుతురు చాలు. నేనైతే గూగుల్ లెన్స్ వాడతాను, అక్షరాలు పట్టేసి పెద్దగా చూపిస్తుంది. ఇదిగో, వచ్చింది.

ఆకుపచ్చ దాంట్లో అసెక్లోఫెనాక్ 100 ఎంజీ, పారాసెటమాల్ 325 ఎంజీ. ఎర్ర దాంట్లో ట్రమడాల్ 37.5 ఎంజీ, పారాసెటమాల్ 325 ఎంజీ. చూశారా? రెండింట్లోనూ పారాసెటమాల్ ఉంది. పెద్ద అక్షరాల్లో ఎక్కడా ఆ మాట లేదు.

అమ్మకి ఆకుపచ్చది 1-0-1. ఎర్రది ఎస్‌ఓఎస్, రోజుకి రెండు దాకా. ఇంతలో వైరల్ జ్వరం వచ్చింది. జ్వరానికి పారాసెటమాల్ 650 బిళ్ళ మూడు పూటలా వేశాను. నేనే వేశాను, నా చేత్తో. ఇప్పుడు లెక్క కడదాం. ఆకుపచ్చవి రెండు, 650. ఎర్రవి రెండు, 650. జ్వరం బిళ్ళలు మూడు, 1950. మొత్తం 3250 ఎంజీ. ఆరోగ్యంగా ఉన్న పెద్దవాళ్లకి రోజుకి 4000 ఎంజీ, అంటే 4 గ్రాములు గరిష్ఠం అంటారు. వయసు మీరినవాళ్లకి, బరువు తక్కువున్నవాళ్లకి, లివర్ సమస్య ఉన్నవాళ్లకి ఇంకా తక్కువే. అమ్మ 48 కిలోలు. తర్వాత డాక్టర్‌ని అడిగితే మీ అమ్మగారికి 2 గ్రాములు దాటనివ్వద్దన్నారు.

అది ఒకటి. రెండోది ఇంకా పెద్దది. ఊళ్లో ఇంకో డాక్టర్ దగ్గరికెళ్తే నొప్పికి డైక్లోఫెనాక్ రాశారు. ముందే అసెక్లోఫెనాక్ వేసుకుంటోందని మేం చెప్పలేదు, ఆయన అడగలేదు. పేరు చివర చూడండి: అసెక్లో‘ఫెనాక్’, డైక్లో‘ఫెనాక్’. రెండూ ఒకే కుటుంబం. ఐబుప్రొఫెన్, నాప్రోక్సెన్, ఎటోరికాక్సిబ్ పేర్లు వేరుగా ఉన్నా అవీ ఆ కుటుంబమే. వాపు తగ్గించే నొప్పి మాత్రలు. డాక్టర్ ఇందులో ఒకటే ఇస్తారు, రెండు కలిపి వేసుకోకూడదు. పైగా అమ్మ వేసుకునే బీపీ మాత్రలో టెల్మిసార్టాన్‌తో పాటు మూత్రం ఎక్కువ పోయే మందు కూడా ఉంది. ఆ రెండూ, ఈ నొప్పి మాత్రా కలిస్తే కిడ్నీల మీద భారం పడుతుంది. పది రోజులకి అమ్మ కాళ్లకి నీరు పట్టింది. మెట్టెలు వేలికి బిగుసుకుపోయి సబ్బు రాసినా రాలేదు. అప్పుడు రక్తపరీక్ష చేయిస్తే క్రియాటినిన్, అంటే కిడ్నీలు ఎలా పనిచేస్తున్నాయో చెప్పే లెక్క, 0.9 నుంచి 1.6 కి పెరిగింది. డాక్టర్ ఫెనాక్‌లు రెండూ ఆపించారు, మూడు వారాలకి మామూలుకొచ్చింది. కానీ ఆపరేషన్ మాట మళ్లీ వెనక్కిపోయింది.

అందుకే ఈ స్టెప్ దగ్గర తొందరపడొద్దని బతిమాలుతున్నాను. ఒక్కో అట్ట తిప్పండి, సన్నక్షరాలు చదవండి, అసలు మందు పేరు రాయండి. ఒకే పేరు రెండుసార్లు వచ్చినా, ఒకే కుటుంబం రెండుసార్లు వచ్చినా ఎర్ర పెన్నుతో గుండ్రంగా చుట్టండి. మీ అంతట మీరు ఆపేయడం కాదు. అదే రోజు డాక్టర్‌కి ఫోన్ చేసి అడగండి. కాళ్ల వాపు, మూత్రం తగ్గడం, నల్లగా విరేచనం, కడుపులో మంట, వీటిలో ఏది కనిపించినా మర్నాటి దాకా ఆగొద్దు.

ఇక్కడే ఒక మాట. మందుల షాపులో నాలుగు మాత్రలు కావాలంటే కత్తెరతో కత్తిరించి ఇస్తారు కదా, ఇదిగో ఇలా. ఈ ముక్క మీద పేరూ లేదు, ఎక్స్‌పైరీ తేదీ లేదు, ఏముందో అసలే లేదు. పేరున్న వైపు ముక్క ఇవ్వండి అని అడగండి. కుదరకపోతే అట్ట మొత్తం ఫోటో తీసుకోండి, అక్కడే కౌంటర్ దగ్గర. పూటకొక గది ఉండే ప్లాస్టిక్ డబ్బాలు అమ్ముతారు, చాలామంది వాడతారు. నాకు మాత్రం మాత్రలు అట్టలోనే ఉండటం ఇష్టం. మాత్ర బయటికి తీశాక అది ఏంటో ఎవరూ చెప్పలేరు.

ఇప్పుడు పేజీ. ఇలా గీతలు కొట్టండి. అసలు మందు పేరు, ఎన్ని ఎంజీ, ఎవరు రాశారు, పొద్దున, మధ్యాహ్నం, రాత్రి, పరగడుపునా తిన్నాకా. నేను రాసింది చూసి రాసుకోండి. గ్యాస్ బిళ్ళ పాంటోప్రజోల్ పరగడుపున, టిఫిన్‌కి అరగంట ముందు. నొప్పి మాత్రలు తిన్నాక. అంతే, ఇది సులువే.

ఎస్‌ఓఎస్ మాత్రలకి మాత్రం వెనక పేజీ విడిగా పెట్టండి. తేదీ, టైము, మాత్ర, నొప్పి పదికి ఎంత. ఇది ఎందుకంటే, రాత్రి పదకొండింటికి అమ్మ ఒకటి వేసుకుంటుంది. రెండింటికి మెలకువొచ్చి, వేసుకున్నానో లేదో అని ఇంకోటి వేసుకుంటుంది. ట్రమడాల్ ఉన్న మాత్ర అయితే మగత, తల తిరగడం ఉంటాయి. బాత్రూమ్‌కి లేచి పడితే తుంటి ఎముక విరిగి ఇంకో ఆపరేషన్. మలబద్ధకం కూడా చేస్తుంది, ముందే డాక్టర్‌ని అడిగి ఉంచుకోండి. నిద్రమాత్రలు గానీ, డిప్రెషన్‌కి మాత్రలు గానీ వాడుతుంటే ఆ సంగతి తప్పకుండా చెప్పాలి, కొన్నిటికి ట్రమడాల్‌తో పడదు. యాప్‌లు చాలా ఉన్నాయి, నేను రెండు వాడి చూశాను. అమ్మ చేతికి పెన్నే అలవాటు. పుస్తకానికి పెన్ను దారంతో కట్టి మంచం కోడుకి వేలాడదీశాను. ఇదిగో, ఇలా.

తర్వాత, మందు అయిపోతే ఏం చేయాలి. ట్రమడాల్ షెడ్యూల్ హెచ్1 లో ఉంది, అంటే గట్టి నిబంధనలతో అమ్మే మందుల జాబితాలో. 2018 నుంచి మత్తుమందుల చట్టం కిందికి కూడా వచ్చింది. చీటీ లేకుండా ఇవ్వకూడదు. షాపువాళ్లు పేషెంట్ పేరు, డాక్టర్ పేరు, ఎన్ని మాత్రలో రిజిస్టర్‌లో రాయాలి, ఆ రిజిస్టర్ మూడేళ్లు ఉంచాలి. కాబట్టి ఇవ్వకపోతే వాళ్లతో గొడవపడకండి. చీటీలో ఎన్ని రోజులకో డాక్టర్ చేతే రాయించుకోండి. ఇంకా వారం మాత్రలు ఉండగానే అపాయింట్‌మెంట్ తీసుకోండి. పండగ ముందు అయితే ఇంకా ముందే. పక్కింటి పిన్నిగారి దగ్గర నాలుగు అడిగి తెచ్చుకోవడం మాత్రం వద్దు. రోజూ చాలా వారాలు వాడినది ఒక్కసారిగా ఆపడం కూడా వద్దు, ఎలా తగ్గించాలో డాక్టరే చెప్పాలి. ఆపరేషన్‌కి ముందు నెలల తరబడి ట్రమడాల్ లాంటి మాత్రలు వాడితే తర్వాత నొప్పి అదుపు చేయడం కష్టమవుతుంది. అందుకే రాసిన ప్రతిసారీ ఇది ఇంకా అవసరమా అని అడగండి. అడిగితే ఎవరూ ఏమీ అనుకోరు.

చివరిది, ఆపరేషన్‌కి మత్తు ఇచ్చే డాక్టర్‌కి చూపించే పేజీ. గుండెకి వేసుకునే ఆస్పిరిన్, క్లోపిడోగ్రెల్ లాంటి రక్తం పల్చబరిచే మందులు ఉంటే పైన పెద్దగా రాయండి. వాటిని ఎప్పుడు ఆపాలో, అసలు ఆపాలో వద్దో వాళ్లే చెప్తారు. నొప్పి మాత్రల్లో ఏవి ఎన్ని రోజుల ముందు ఆపాలో కూడా అడిగి, పక్కనే తేదీ వేయించుకోండి. మోకాల్లో ఎప్పుడైనా ఇంజెక్షన్ వేయించుకుని ఉంటే ఆ తేదీ కావాలి. స్టెరాయిడ్ ఇంజెక్షన్ అయితే మామూలుగా మూడు నెలలు ఆగి గానీ ఆపరేషన్ చేయరు, ఇన్ఫెక్షన్ భయం ఉంటుంది కాబట్టి. ఊళ్లో ఎవరో వేసిన సూది ఏంటో తెలియకపోతే, ఏంటో తెలియదు అని కూడా రాయండి. దాచొద్దు.

ఆస్పత్రికి వెళ్లేరోజు ఈ పుస్తకం ఫైల్లో పెట్టకండి. ఫైల్ కౌంటర్ దగ్గర తీసేసుకుంటారు, మళ్లీ మన చేతికి ఎప్పుడొస్తుందో తెలియదు. పుస్తకమూ, అట్టలున్న ఈ డబ్బా ఇలా గుడ్డసంచిలో వేసి, సంచి అమ్మతో వెళ్లేవాళ్ల భుజానికి తగిలించండి.