పెద్దింటి పెద్దకొడుకే ఎందుకు?

యాంకర్: మేడమ్, దక్షిణాఫ్రికా ఆచార చట్టంలో ‘పెద్దిల్లు’ అంటున్నారు, మన చిన్నిల్లు పెద్దిల్లు టైపేనా?

లాయర్: అబ్బే, అక్కడ అందరూ పెళ్లాడిన భార్యలేనండీ. అక్కడి జులూ తెగలో ఒక్కో భార్యది ఒక్కో ఇల్లు, ఆ ఇంటికి పశువులు వేరు, వారసుడు వేరు. పిల్లాడి వయసు కన్నా ముందు వాళ్లమ్మది ఏ ఇల్లో చూస్తారు, మొత్తం కుటుంబానికి పెద్దయ్యేది మాత్రం పెద్దింటి, అంటే ముఖ్య భార్య ఇంటి, పెద్దకొడుకు.

యాంకర్: మరి ఆడపిల్లలు?

లాయర్: అప్పట్లో వాళ్లు లెక్కలోనే లేరు. 2004 నాటి బే కేసు చూడండి. కేప్‌టౌన్ దగ్గర ఖయెలిట్షాలో ఒకాయన పోయాడు, ఇద్దరు చిన్న కూతుళ్లు. వారసుణ్ణి నేనేనని ఆయన తండ్రి వచ్చి, అంత్యక్రియల ఖర్చు కోసం వాళ్లుంటున్న తాత్కాలిక ఇల్లూ జాగా అమ్మేస్తానన్నాడు! సొంత తాత.

ప్రొఫెసర్: ఒక్క నిమిషం మేడమ్. పాతరోజుల్లో వారసుడికి పశువులతో పాటు పోయినవాడి భార్యాపిల్లల్ని సాకే బాధ్యత కూడా వచ్చేది. అందరూ సిటీలకు చెదిరిపోయాక బాధ్యత గాలికి పోయి ఆస్తి హక్కొక్కటే మిగిలింది. దాన్నే వలస పాలకుల 1927 చట్టం పట్టుకుని కూర్చుంది.

లాయర్: అందుకే మగవాళ్లకే వారసత్వమనే ఆ నియమాన్ని రాజ్యాంగ కోర్టు కొట్టేసి, వారసులు ఆ పిల్లలేనని చెప్పింది.

ప్రొఫెసర్: కొట్టేయడంతోనే నా పేచీ. అదే కేసులో వేరుగా తీర్పు రాసిన జస్టిస్ ఎంగ్‌కోబో కూడా మగవాళ్లకే హక్కనడం తప్పంటూనే, ఆచారాన్ని సరిదిద్దాలన్నారు. లింపోపో రాష్ట్రంలో వలోయి తెగ పెద్ద 1968లో కొడుకుల్లేకుండా పోతే కూతుర్ని పక్కనపెట్టి తమ్ముడికి పదవిచ్చారు, తర్వాత 1990ల్లో ఆ రాజకుటుంబమే మనసు మార్చుకుని ఆ కూతురికే ఇద్దామంది, తమ్ముడి కొడుకు కోర్టుకెక్కి కింద రెండు కోర్టుల్లో గెలిచినా 2008లో రాజ్యాంగ కోర్టులో ఓడిపోయాడు. మారింది ఆచారమే కదా?

లాయర్: ఆమె తెగ నాయకుడి కూతురు కాబట్టి కుటుంబం కూర్చుని మాట్లాడింది సార్. ఖయెలిట్షా పిల్లల కోసం ఎవరు కూర్చుంటారు?

యాంకర్: సరే, ఇంకో పెళ్లి చేసుకోవాలంటే మొదటి భార్య ఒప్పుకోవాలా?

లాయర్: సోంగా తెగ ఆచారంలో ఇకమీద ఒప్పుకోవాల్సిందేనని 2013లో మయెలానే కేసులో తేల్చారు. ఆ కేసులో మొదటావిడకు కనీసం చెప్పనే లేదు కాబట్టి రెండో పెళ్లి చెల్లలేదు.

ప్రొఫెసర్: అప్పటికే భర్త చనిపోయాడు. దాపరికం ఆయనది, భార్య హోదా పోయింది మాత్రం రెండో ఆవిడకి. దీనికి మీ కోర్టు ఏం చేసిందో చెప్పండి మేడమ్.